లోడు మీద పికప్ పడిపోయి ఇంజన్ ఆగుతోంది, కాసేపటికి మళ్లీ స్టార్ట్ అవుతోంది. హై ప్రెషర్ పంపు విప్పాలా?

లోడుబండి:

ఆరు సిలిండర్ల కామన్ రైల్ ఇంజన్ (ఇంజెక్టర్లన్నిటికీ రైల్ అనే ఒకే గొట్టం నుంచి డీజిల్ అందుతుంది), 24 ఓల్టుల బండి, 300 లీటర్ల ట్యాంకు. ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు లేదు. హై ప్రెషర్ పంపు వెనక ఉన్న గేర్ పంపే డీజిల్ లాక్కుంటుంది. మధ్యలో వాటర్ సెపరేటర్, దాని తల మీదే హ్యాండ్ ప్రైమర్ (చేత్తో నొక్కి డీజిల్ లాగే చిన్న పంపు). గేర్ పంపు తర్వాత మెయిన్ ఫిల్టర్.

ఖాళీ బండికి ఏ ఇబ్బందీ లేదు. లోడుతో 40 నిమిషాలో గంటో నడిచాక, ఎక్కువగా ఎత్తు ఎక్కేటప్పుడు, పికప్ మెల్లగా తగ్గుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా 1,200 ఆర్‌పీఎం దాటదు. నాలుగైదు సార్లు కొట్టుకుని ఆగిపోతుంది. పది నిమిషాలు ఆగి, ప్రైమర్ ముప్ఫై నలభై సార్లు నొక్కి సెల్ఫ్ కొడితే లేస్తుంది. మళ్లీ అరగంటకి అదే కథ. ట్యాంకు నిండా ఉన్నప్పుడు ఆగినట్టు గుర్తు లేదు, సగానికి దిగాకే మొదలవుతోంది.

రెండు ఫిల్టర్లూ మార్చాం. సెపరేటర్‌లో నీళ్లు లేవు. ఎయిర్ ఫిల్టర్ కొత్తది. స్కానర్‌లో ఎస్‌పీఎన్ 157, ఎఫ్‌ఎంఐ 18 వస్తోంది. రైల్ ప్రెషర్ తక్కువ కాబట్టి హై ప్రెషర్ పంపు పోయిందంటున్నారు. పంపు దించే ముందు ఇంకేం చూడాలి?

పంపుబెంచి:

పంపు దించకండి. మీరు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది.

ఎస్‌పీఎన్ 157 అంటే రైల్ ప్రెషర్, ఎఫ్‌ఎంఐ 18 అంటే ఉండాల్సిన దానికన్నా ఓ మోస్తరు తక్కువ. ఆ కోడ్ చెప్పేది అంతవరకే. ఎందుకు తగ్గిందో చెప్పదు. పంపు అరిగినా, ఇంజెక్టర్లు రిటర్న్‌లోకి (మిగిలిన డీజిల్ ట్యాంకుకి తిరిగి వెళ్లే లైన్లోకి) ఎక్కువ వదిలేసినా, అసలు పంపు దగ్గరికి డీజిలే చాలినంత రాకపోయినా ఇదే కోడ్ పడుతుంది.

పంపో ఇంజెక్టర్లో అరిగితే ఇబ్బంది వేరేలా కనిపిస్తుంది. డీజిల్ వేడెక్కి పలచబడినకొద్దీ లీకేజీ పెరుగుతుంది కాబట్టి, ఇంజన్ వేడి మీద ఆపి వెంటనే సెల్ఫ్ కొట్టినప్పుడు చాలాసేపు తిరుగుతుంది. రైల్లో సుమారు 200 బార్ రానిదే చాలా ఈసీయూలు (ఇంజన్ కంప్యూటర్లు) ఇంజెక్టర్లకి ఆజ్ఞ ఇవ్వవు. అలాంటి ఇంజన్ ప్రైమర్ నొక్కితే బాగుపడదు. ట్యాంకు నిండా ఉందా సగం ఉందా అన్నది పంపుకి తెలియదు కదా! మీ బండికి ఆ తేడా తెలుస్తోంది. కాబట్టి జబ్బు ట్యాంకుకీ గేర్ పంపుకీ మధ్యే ఉండాలి.

ఈసారి ఆగగానే, ఏదీ ముట్టుకోక ముందు, రెండు పనులు చేయండి.

ఒకటి, ట్యాంకు మూత మెల్లగా తిప్పండి. గాలి 'సుయ్' మని లోపలికి పీల్చుకుంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుంది. మీ విషయంలో అది అవకాశం తక్కువ. ఎందుకంటే ఆ జబ్బు నిండు ట్యాంకులోనే ముందు బయటపడాలి. నిండా పోసినప్పుడు పైన 15 లీటర్ల గాలి ఉందనుకోండి. 5 లీటర్లు కాలితే అదే గాలి 20 లీటర్ల చోటుకి సాగుతుంది, ఒత్తిడి నాలుగో వంతు పడిపోతుంది. అదే సగం ట్యాంకులో 150 లీటర్ల గాలి ఉంటుంది, 5 లీటర్లు పోతే సుమారు మూడు శాతమే తగ్గుతుంది. మీది తిరగేసి జరుగుతోంది.

రెండోది, ప్రైమర్ నొక్కి చేతికి ఎలా తగులుతుందో గమనించండి. మొదట మెత్తగా ఖాళీగా పోయి, ఇరవై ముప్ఫై సార్లకి గట్టిపడితే లైన్లో గాలి ఉంది. కిందికి నొక్కాక పైకి లేవకుండా అక్కడే ఉండిపోయినా, పైకి లాగడానికి బలం పట్టినా, ట్యాంకు వైపు ఏదో అడ్డు పడింది.

లోడుబండి:

మెత్తగా పోయి తర్వాత గట్టిపడుతుంది. మూత దగ్గర శబ్దం లేదు. కానీ బయట ఎక్కడా డీజిల్ చుక్క కూడా కారడం లేదు. గాలి ఎలా వస్తుంది?

పంపుబెంచి:

అందుకే దొరకదు. గేర్ పంపు ముందు లైనంతా పీల్చే వైపు. నడుస్తున్నప్పుడు లోపల ఒత్తిడి బయటికన్నా తక్కువ కాబట్టి కన్నం ఉంటే గాలి లోపలికి పోతుందే తప్ప డీజిల్ బయటికి రాదు. ఇంజన్ ఆపాక, అదీ ట్యాంకు మట్టం ఆ జాయింటుకన్నా పైన ఉంటేనే, కాస్త చెమ్మ కనిపిస్తుంది. ఆ చెమ్మ మీద దుమ్ము అంటుకుని నల్లటి మచ్చ ఏర్పడుతుంది. బాంజో బోల్టుల (లోపలి రంధ్రం గుండా డీజిల్ పారే బోల్టుల) చుట్టూ, సెపరేటర్ గిన్నె అంచు దగ్గర అలాంటి మచ్చ కోసం వెతకండి. మెరిసే తడి కోసం వెతికితే దొరకదు.

కళ్లతో చూడాలంటే ఒకటే దారి, పారదర్శకమైన డీజిల్ పైపు. 300 మిల్లీమీటర్ల ముక్కలు రెండు తీసుకోండి. లోపలి వ్యాసం ఇప్పుడున్న లైనుకి తగ్గకూడదు. ఒకటి గేర్ పంపు ఇన్‌లెట్ దగ్గర, రెండోది సెపరేటర్‌కి ముందు, రెండు వైపులా క్లిప్పులతో బిగించండి. ఎయిర్ తీసి స్టార్ట్ చేయండి. మొదటి రెండు మూడు నిమిషాల్లో వచ్చే బుడగల్ని లెక్కలోకి తీసుకోకండి, అవి మీరు లైను విప్పినప్పుడు చేరినవి. తర్వాత కూడా ఆగకుండా వస్తే:

పంపు దగ్గర మాత్రమే బుడగలుంటే సెపరేటర్‌లోనే తేడా. గిన్నె ఓ-రింగ్, డ్రెయిన్ కాక్, ప్రైమర్ డయాఫ్రమ్, లేదా సెపరేటర్ నుంచి పంపు వరకు ఉన్న పైపు. ఫిల్టర్ మార్చినప్పుడు పాత ఓ-రింగ్ తలకి అంటుకుని ఉండిపోయి, దాని మీదే కొత్తది కూర్చోవడం చాలా మామూలు తప్పు.

సెపరేటర్‌కి ముందు కూడా ఉంటే ట్యాంకు వైపు.

ఈ పారదర్శక పైపు పరీక్షకే. వేడికి గట్టిపడి పగిలిపోతుంది, బండికి వదిలేయకండి.

మీటర్‌పెట్టిచూడు:

బుడగలతో పాటు వాక్యూమ్ కూడా చూడండి, లేకపోతే సగమే తెలుస్తుంది. గేర్ పంపు ఇన్‌లెట్ దగ్గర టీ జాయింటు (మూడు దారులది) వేసి వాక్యూమ్ గేజ్ పెట్టండి. పంపు ట్యాంకు మట్టంకన్నా ఒక మీటరు ఎత్తులో ఉంటే, ఆ ఎత్తుకే సుమారు 0.08 బార్ అవుతుంది. కొత్త ఫిల్టర్‌తో, పూర్తి ఆర్‌పీఎం వద్ద 0.15 బార్ వరకు ఆరోగ్యంగా ఉన్నట్టే. 0.3 బార్ దగ్గరికి పోతే ఎక్కడో గొంతు నొక్కుతోంది: పికప్ పైపు (ట్యాంకు లోపల డీజిల్ పీల్చే గొట్టం) జాలీ, నలిగిన పైపు, లోపలి పొర ఊడిపోయిన రబ్బరు హోసు. కచ్చితమైన హద్దు మీ ఇంజన్ మాన్యువల్లో ఉంటుంది, దాన్నే పట్టుకోండి.

ఇందుకు లోడు అక్కర్లేదు. గేర్ పంపు లాగే డీజిల్ ఆర్‌పీఎంని బట్టి ఉంటుంది, లోడును బట్టి కాదు. మిగిలింది రిటర్న్‌లో పోతుంది. అందుకే నిలబెట్టి 2,000 ఆర్‌పీఎం దగ్గర ఉంచినా చాలా ఇంజన్లలో అంతే వాక్యూమ్ కనిపిస్తుంది. లోడు మీదే ఆగడానికి కారణం వేరు. అప్పుడు కాలేది ఎక్కువ, రిటర్న్‌కి మిగిలేది తక్కువ. ఖాళీ బండికి గాలి కలిసిన డీజిల్ కూడా సరిపోతుంది.

ఇంకొకటి, ఇది చదివే మిగతా వాళ్ల కోసం. మెల్లగా పికప్ పోయి, కొట్టుకుని ఆగితే డీజిల్ వైపు. తాళం తిప్పి ఆపినట్టు ఒక్కసారిగా ఆగితే కరెంటు వైపు. అప్పుడు ఆర్‌పీఎం ముల్లుని చూడండి. బండి గేర్‌లో దొర్లుతూ ఇంజన్ ఇంకా తిరుగుతుండగానే ముల్లు సున్నాకి పడితే క్రాంక్ సెన్సర్ (ఇంజన్ తిరగడాన్ని ఈసీయూకి తెలిపేది) లేదా దాని వైరింగ్. ఎస్‌పీఎన్ 636 కూడా కనిపించవచ్చు. రెండు వైర్ల ఇండక్టివ్ సెన్సర్ అయితే చల్లగా ఒకసారి, ఆగిన వెంటనే వేడి మీద ఒకసారి ఓమ్స్ కొలవండి. చాలావాటికి చల్లగా 800 నుంచి 1,000 దాకా ఉంటుంది. వేడి మీద కొంత పెరగడం సహజం, మీటర్ ఓపెన్ చూపిస్తే సెన్సర్ పోయినట్టే. మూడు వైర్ల హాల్ సెన్సర్‌ని ఓమ్స్‌లో కొలిచి తీర్పు చెప్పకండి. డ్యాష్‌బోర్డు మొత్తం ఆరిపోతే మెయిన్ రిలే, తాళం స్విచ్, ఎర్త్ పట్టీ. సెల్ఫ్ కొడుతుండగా ఇంజన్ బ్లాక్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య 0.5 ఓల్టు దాటి చూపిస్తే ఆ ఎర్త్ విప్పి, రుద్ది, మళ్లీ బిగించండి.

ఇన్‌లైన్‌పంపు:

పాత మెకానికల్ పంపు బళ్ల వాళ్లూ ఈ ప్రశ్న వెతుక్కుంటూ వస్తారు కాబట్టి రెండు ముక్కలు. వాటికి ఈసీయూ ఉండదు, కోడ్ ఉండదు, కానీ ఆగే తీరు ఇదే. ఫీడ్ పంపులోని చిన్న వాల్వుల కింద పీచు పడితే ఒత్తిడి పోతుంది. పంపు గ్యాలరీ (పంపు లోపల డీజిల్ నిండే గది) చివర ఉండే ఓవర్‌ఫ్లో వాల్వు స్ప్రింగు బలహీనపడితే గ్యాలరీలో ఒత్తిడి నిలవదు, లోడు మీద చచ్చిపోతుంది. దాన్ని మామూలు బోల్టుతో మార్చేసిన బళ్లు కూడా ఉంటాయి. అలా చేస్తే గాలి పోయే దారి మూసుకుపోతుంది. ఇక ఒక్కసారిగా ఆగే వాటిలో మొదటి అనుమానం షటాఫ్ సొలినాయిడ్ (ఇంజన్ ఆపడానికి డీజిల్ మూసే కరెంటు పరికరం). ఆగిన క్షణంలో దాని టెర్మినల్ దగ్గర 24 ఓల్టులు ఉండి ప్లంజర్ వదిలేసి ఉంటే హోల్డ్ కాయిల్ వేడికి తెగింది. ఓల్టేజీ లేకపోతే సొలినాయిడ్‌ది తప్పు కాదు, వెనక్కి వెళ్లండి.

లోడుబండి గారూ, మీ విషయంలో నాకు పికప్ పైపు జాలీ మీద అనుమానం. ప్లాస్టిక్ డబ్బా సీలు ముక్క, గుడ్డ పీచు, ట్యాంకు లోపలి పెయింటు పెచ్చు, ఏదైనా జాలీకి అంటుకుంటుంది. ఇంజన్ ఆగితే పీల్పు లేక ఊడి పడుతుంది, అందుకే పది నిమిషాలకి లేస్తుంది. జాలీ తీసేస్తే సరి, ముందు సెపరేటర్ ఉంది కదా.

పంపుబెంచి:

జాలీ తీయమనడం నాకు నచ్చలేదు. సన్న మురికిని సెపరేటర్ పడుతుంది, నిజమే. కానీ జాలీ ఆపేది పెద్ద ముక్కల్ని. అది లేకపోతే అవి సెపరేటర్ దాకా చేరవు, బాంజో మలుపులోనో ప్రైమర్ వాల్వులోనో ఇరుక్కుంటాయి. ట్యాంకు విప్పి తీయగలిగే చోటు నుంచి, దొరకని చోటుకి జబ్బుని పంపినట్టవుతుంది.

పైగా జాలీ మూసుకుంటే ప్రైమర్ మెత్తగా ఉండదు. ఇక్కడ మెత్తగా ఉంది.

పైపులో వెనక్కి గాలి కొట్టి చూద్దామని చాలామంది మొదలుపెడతారు. ఇప్పుడే వద్దు. అడ్డు ఉంటే అది కాసేపు పక్కకి జరుగుతుంది, బండి రెండు రోజులు బాగుంటుంది, పరీక్షకి ఆధారం పోతుంది.

బుడగలు, వాక్యూమ్ చూశాక డబ్బా పరీక్ష చేయండి. 20 లీటర్ల శుభ్రమైన డబ్బా, వడగట్టిన డీజిల్. సెపరేటర్ ఇన్‌లెట్‌కి ట్యాంకు లైను తీసి డబ్బా నుంచి పైపు వేయండి. రిటర్న్ లైను కూడా డబ్బాలోకే తిప్పండి. దీన్ని మరిచిపోతే కాలేదానికన్నా ఎన్నో రెట్లు ట్యాంకులోకి వెళ్లిపోయి డబ్బా నిమిషాల్లో ఖాళీ అవుతుంది, ఇంజన్ మళ్లీ ఆగుతుంది, మీరు తప్పు దారి పడతారు. రిటర్న్ డీజిల్ వేడిగా వస్తుంది కాబట్టి డబ్బా చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే ఆపేయండి. క్యాబిన్‌లో పెట్టవద్దు, బయట కట్టి నిలబెట్టే చేయండి.

హై ప్రెషర్ పైపుల నట్టు ఏదీ ఇంజన్ నడుస్తుండగా వదులు చేయకండి. పాత ఇంజన్ల అలవాటుతో ఒక్కో ఇంజెక్టర్ నట్టు వదిలి చూసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇక్కడ లోపల 1,600 బార్ దాకా ఉంటుంది. ఆ ధార చర్మం లోపలికి దూరుతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన గాయం.

లోడుబండి:

చూశాం.

వాక్యూమ్ 2,000 ఆర్‌పీఎం దగ్గర 0.07 బార్. రెండు పారదర్శక పైపుల్లోనూ బుడగలు, సెపరేటర్ ముందు దాంట్లో కూడా. అప్పుడు ట్యాంకులో సుమారు 120 లీటర్లు. డబ్బా పెట్టి 25 నిమిషాలు నడిపితే ఒక్క బుడగ లేదు. మళ్లీ ట్యాంకు లైను పెట్టి డీజిల్ పోయిస్తూ చూస్తే 200 లీటర్లు దాటాక బుడగలు వాటంతట అవే ఆగిపోయాయి. ట్యాంకు నుంచి సెపరేటర్ దాకా ఉన్న పైపుకి 0.5 బార్ గాలి పెట్టి సబ్బు నీళ్లు రాశాం, ఎక్కడా నురగ లేదు.

పంపుబెంచి:

అయితే దొరికినట్టే. వాక్యూమ్ తక్కువ, బుడగలు ఎక్కువ అంటే అడ్డు కాదు, గాలి. బయటి పైపు గట్టిగా ఉంది. మట్టం పెరిగితే బుడగలు ఆగాయి. అంటే కన్నం ట్యాంకు లోపల పికప్ పైపు మీదే ఉంది, అదీ 120, 200 లీటర్ల మట్టాల మధ్య ఎత్తులో. డీజిల్‌లో మునిగి ఉన్నంతసేపు ఆ కన్నం గుండా డీజిలే వస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. బయటపడగానే గాలి పీలుస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు డీజిల్ ట్యాంకులో వెనక్కి పోయి మట్టం వంగుతుంది, అప్పుడు ఇంకా ముందే బయటపడుతుంది. ప్రైమర్‌తో మీరు చేస్తున్నది సెపరేటర్ తలలో పోగైన గాలిని తోసేయడం, అంతే.

పికప్ పైపు అసెంబ్లీ తీయండి. డీజిల్ మట్టం కొలిచే ఫ్లోట్‌తో కలిసి ఉంటే ఏ కోణంలో కూర్చుందో ముందే గీత గీసుకోండి. కింది కొస బిరడాతో మూసి, పై నుంచి 0.5 బార్ గాలి పెట్టి బకెట్ నీళ్లలో ముంచండి. పైపుని పట్టుకునే బ్రాకెట్ అతుకు దగ్గర మొదట చూడండి. అదురుకి పగిలేది అక్కడే. ప్లాస్టిక్ పైపైతే వంపు దగ్గర సన్నటి గీతలా ఉంటుంది. చేత్తో కొద్దిగా వంచితే తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. వంచి పట్టుకునే ముంచండి.

లోడుబండి:

బ్రాకెట్ అతుకు పక్కనే, వెంట్రుకంత పగులు. వంచితేనే బుడగలు వచ్చాయి. వెల్డింగ్ చేయించవచ్చా, కొత్తదే వేయాలా?

పంపుబెంచి:

కొత్తదే మేలు. దొరకడం ఆలస్యమైతే స్టీలు పైపుని బ్రేజింగ్ చేయించవచ్చు. ట్యాంకుకి దూరంగా, పైపు లోపల డీజిల్ లేకుండా కడిగి ఆరబెట్టాక మాత్రమే. అతుకు చల్లారాక లోపల ఫ్లక్స్ పెచ్చులు మిగలకుండా గాలి కొట్టి కడగండి, అవి నేరుగా పంపు దారిలోకి పోతాయి. ట్యాంకు మీద మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వెల్డింగ్ వద్దు. ఖాళీ ట్యాంకులోని ఆవిరే ఎక్కువ ప్రమాదం.

తిరిగి బిగించేటప్పుడు పైపు కింది కొసకీ ట్యాంకు అడుగుకీ మధ్య 15 నుంచి 25 మిల్లీమీటర్ల సందు ఉండాలి. పాత పైపు పొడవు కొలిచి అంతే ఉంచండి. మరీ కిందికి దిగితే అడుగున ఉన్న నీళ్లు, మడ్డి లాగుతుంది. ఎలాగూ తెరిచారు కాబట్టి ఆ మడ్డి కూడా తీసేయండి. ఫ్లాంజ్ గాస్కెట్ కొత్తది, విప్పిన ప్రతి బాంజోకి రెండు వైపులా కొత్త రాగి వాషర్లు. థ్రెడ్ల మీద టెఫ్లాన్ టేపు చుట్టకండి, దాని పోగులు ఇంజెక్టర్ దాకా ప్రయాణిస్తాయి.

మీటర్‌పెట్టిచూడు:

ఎయిర్ తీయడం గురించి, తొందరపడి సెల్ఫ్ మోటార్ కాల్చుకోకుండా: ఫిల్టర్ తల మీద బ్లీడ్ స్క్రూ ఒకటిన్నర చుట్టు వదిలి, బుడగలు లేని ధార వచ్చేదాకా ప్రైమర్ నొక్కండి. వంద నూట యాభై నొక్కులు పట్టవచ్చు. ధార వస్తుండగానే స్క్రూ బిగించి, ప్రైమర్ గట్టిపడేదాకా ఇంకొన్ని నొక్కండి. ఫిల్టర్‌ని డబ్బా డీజిల్‌తో నింపి బిగించే అలవాటు కామన్ రైల్‌కి పనికిరాదు, మెయిన్ ఫిల్టర్‌కైతే అసలే వద్దు. మధ్య రంధ్రంలో పోసిన డీజిల్ వడపోత లేకుండానే ఇంజెక్టర్లకి పోతుంది.

సెల్ఫ్ 15 సెకన్లకి మించి కొట్టకండి, మధ్యలో రెండు నిమిషాల విరామం. స్కానర్‌లో రైల్ ప్రెషర్ చూస్తూ కొట్టండి. 200 దగ్గరికి ఎక్కుతుంటే ఇంకో ప్రయత్నంలో లేస్తుంది. సున్నా దగ్గరే ఉంటే సెల్ఫ్ ఆపి మళ్లీ ప్రైమర్ దగ్గరికి. లేచాక 1,000 ఆర్‌పీఎం దగ్గర ఐదు నిమిషాలు ఉంచండి.

కోడ్ చెరిపేసి, ట్యాంకు 100 లీటర్లకి దిగాక లోడుతో ఒకసారి ఎత్తు ఎక్కించి, స్కానర్‌లో అడిగిన రైల్ ప్రెషర్, వచ్చిన రైల్ ప్రెషర్ పక్కపక్కనే పెట్టి చూడండి. నిండు ట్యాంకుతో చేసే పరీక్ష మీ బండికి లెక్కలోకి రాదు.